అప్పటి రేసుల్లోనే మజా ఉండేదా?

నల్లగొండ క్లాక్ టవర్ సెంటర్‌కు దగ్గరలో మేం బండ్లు చేయించుకునే మెకానిక్ షాపు ఒకటి ఉంది. యూరప్‌లో మోటో జీపీ (బైక్ రేసుల ప్రపంచ చాంపియన్‌షిప్) రేసు ఉన్న ఆదివారం సాయంత్రం ఐదున్నర అయ్యిందంటే అక్కడ పానాలు పక్కన పెట్టేస్తారు. ఒక ఫోను, చుట్టూ ఆరేడుగురం. రేసు ముగిశాక పంచాయితీ మొదలవుతుంది. అది ప్రతిసారీ ఒకే పంచాయితీ.

"ఇప్పటి రేసులు రేసులా? రైలు డబ్బాల లెక్క ఒకని ఎనుక ఒకడు పోతనే ఉంటరు. అప్పట్ల మనిషి బండిని తోలుతుండె" అంటాడు ఉస్తాద్. ఆయనకు యాభై దాటాయి. వయసులో ఉన్నప్పుడు ఆర్‌ఎక్స్ 100 నడిపిన మనిషి.

"ఉస్తాద్, అప్పట్ల ఫస్టొచ్చినోనికి, సెకండొచ్చినోనికి నడుమ ఊరంత దూరం ఉంటుండె. ఇప్పుడు పదిహేను మంది పది సెకన్లల్ల వస్తున్నరు. గిది మజా కాదా?" అంటాడు అక్కడే పని నేర్చుకుంటున్న పిల్లాడు.

నేను ఈ వాదన చాలాసార్లు విన్నాను. ఇద్దరూ చెప్పేది నిజమే. కాకపోతే ఇద్దరూ మజాను వేరు వేరు తక్కెడల్లో తూస్తున్నారు. ఒకరికి మనిషి పడే కష్టం కంటికి కనబడాలి. ఇంకొకరికి అందరూ దగ్గర దగ్గరగా ఉండాలి. ఈ రెండూ కాక ఇంకో రెండు సంగతులున్నాయి. వెనకున్నవాడు ముందున్నవాణ్ని నిజంగా దాటగలుగుతున్నాడా అన్నది ఒకటి, ఎవరు గెలుస్తారో చివరిదాకా తెలియకుండా ఉందా అన్నది మరొకటి. ఏ కాలంలోనూ ఈ నాలుగూ ఒక్కచోట కలిసి రాలేదన్నది నాకు అర్థమైన సంగతి. అందుకే "అప్పుడు బాగుండేది" అనే మాటకు ముందు "ఏ అప్పుడు?" అని అడగాలి.

ఈ ప్రపంచ చాంపియన్‌షిప్ 1949లో మొదలైంది. మరీ వెనక్కి పోతే పిల్లాడి మాటే గెలుస్తుంది. 1968లో అప్పటి పెద్ద తరగతి అయిన 500 సీసీలో పది రేసులు జరిగాయి. పదికి పదీ గెలిచింది ఒక్కడే, ఎంవీ అగస్టా నడిపిన ఇటలీ రేసర్ జాకోమో అగోస్తీనీ. ఆ ఏడాది పాయింట్లలో రెండో స్థానం వచ్చింది కంపెనీ టీమ్ ఏదీ లేకుండా సొంతంగా తిరిగే ఆస్ట్రేలియా రేసర్ జాక్ ఫిండ్లేకు, అదీ పాతబడిన మ్యాచ్‌లెస్ బండి మీద. అగోస్తీనీ గొప్పతనంలో అనుమానం లేదు. ఆయనవి మొత్తం 15 ప్రపంచ టైటిళ్లు, 122 విజయాలు. కానీ రేసుగా చూస్తే, మొదటి ల్యాపులోనే ఫలితం తేలిపోయేది.

చిత్రమేమిటంటే, అంతకు ముందు ఏడాదే కథ పూర్తిగా వేరు. 1967లో హోండా మీద మైక్ హెయిల్‌వుడ్, ఎంవీ మీద అగోస్తీనీ చెరి ఐదు రేసులు గెలిచారు. పాయింట్లు కూడా సమానం, 46-46. రెండో స్థానాలు ఎవరికి ఎక్కువో లెక్కపెట్టి అగోస్తీనీకి టైటిల్ ఇచ్చారు. ఆ సంవత్సరం ఐల్ ఆఫ్ మ్యాన్‌లో ఇద్దరూ హోరాహోరీగా పోతుంటే అగోస్తీనీ బండి చైన్ తెగిపోయింది. ఏడాది గడిచేసరికి అంత పోటీ ఎలా మాయమైంది? హోండా గ్రాండ్ ప్రి నుంచి తప్పుకుంది, అంతే. దానితో పాటే హెయిల్‌వుడ్ కూడా దూరమయ్యాడు, నిబంధనలు మాత్రం పెద్దగా మారలేదు. ఒక కంపెనీ తలుపు మూసుకుంటే ఆట చచ్చిపోయింది. ఆ రోజుల్లో మజా అంత సన్నని దారం మీద వేలాడేది.

ఆ ఐల్ ఆఫ్ మ్యాన్ గురించి ఒక మాట. అది ట్రాక్ కాదు, ఊళ్ల మధ్యనుంచి పోయే మామూలు రోడ్డు. ఒక్క ల్యాపు 60 కిలోమీటర్ల పైన, దాదాపు నల్లగొండ నుంచి సాగర్ దాకా ఉన్నంత దూరం. పక్కన రాతి గోడలు, కరెంటు స్తంభాలు, ఇళ్ల గుమ్మాలు. 1972లో అక్కడ తన స్నేహితుడు జిల్బెర్తో పార్లోత్తి చనిపోయాక అగోస్తీనీ మళ్లీ అక్కడ రేసు చేయనన్నాడు. 1976 తర్వాత దాన్ని ప్రపంచ చాంపియన్‌షిప్ నుంచే తీసేశారు. 1973లో మోంజాలో ఒకే ప్రమాదంలో యార్నో సారినెన్, రెంజో పాసోలినీ ఇద్దరూ పోయారు. పాత రేసుల్లో గుండె దడదడలాడేదని ఎవరైనా అంటే నాకు ముందు ఇవే గుర్తొస్తాయి. ఆ దడలో సగం పోటీ వల్ల వచ్చింది కాదు, ప్రాణభయం వల్ల వచ్చింది. దాన్ని మజా లెక్కలో వేయడానికి నాకు మనసు రాదు.

ఉస్తాద్ మనసులో ఉన్న "అప్పుడు" మాత్రం ఇది కాదు. ఆయన చెప్పేది టూ స్ట్రోక్ 500ల కాలం, అంటే డెబ్భైల చివరి నుంచి తొంభైల దాకా. ఆయన ఆ బండ్లను ఎందుకు అంతగా ప్రేమిస్తాడో తెలియాలంటే ఆర్‌ఎక్స్ 100 నడిపి ఉండాలి. 1985 నుంచి 1996 దాకా మన దేశంలో తయారైన ఆ బండికి ఉన్నది 11 హార్స్ పవరే. కానీ ఎక్సలేటర్ తిప్పుతూ పోతే ఒక దగ్గరికి వచ్చేసరికి ఎవరో వెనక నుంచి తోసినట్టు ఒక్కసారిగా గుంజుకుపోతుంది. టూ స్ట్రోక్ ఇంజిన్ క్రాంక్ తిరిగే ప్రతి చుట్టుకూ ఒకసారి మండుతుంది. ఫోర్ స్ట్రోక్ రెండు చుట్లకు ఒకసారి. పైగా టూ స్ట్రోక్‌లో శక్తి అంతా ఆర్‌పీఎం పై భాగంలో ఒక ఇరుకు సందులో ఉంటుంది. ఆ సందుకు కింద బండి మొద్దుగా ఉంటుంది, సందులోకి రాగానే ఒళ్లు విరుచుకుంటుంది.

ఇప్పుడు ఆ గుణాన్నే పట్టుకుని శక్తిని 16 రెట్లు చేయండి. తొంభైల 500 సీసీ రేసు బండికి 180 హార్స్ పవర్ దాకా ఉండేది. బరువు మాత్రం 130 కిలోలు, ఆర్‌ఎక్స్ కన్నా ఒక ముప్ఫై కిలోలు ఎక్కువ, అంతే. వెనక టైరు జారితే ఆపే కంప్యూటర్ ఏదీ లేదు. మలుపులో బండి వంగి ఉండగా ఎంత ఎక్సలేటర్ ఇవ్వాలో రేసర్ కుడి మణికట్టుకు మాత్రమే తెలియాలి. వెంట్రుకవాసి ఎక్కువైతే వెనక చక్రం జారుతుంది. భయపడి ఎక్సలేటర్ వదిలేస్తే చక్రానికి ఒక్కసారిగా పట్టు దొరికి, బండి ఎగిరి మనిషిని మీద నుంచి అవతలికి విసిరేస్తుంది. హైసైడ్ అని పిలిచేది దీన్నే. అందుకే ఆ కాలపు వీడియోల్లో వెనక చక్రం జారుతూ, బండి మెలికలు తిరుగుతూ, మనిషి దాన్ని కొట్లాడి లొంగదీసుకుంటున్నట్టు కనబడుతుంది. కనబడడమే కాదు, జరిగేదే అది. మనిషి బండిని తోలుతుండె అన్న ఉస్తాద్ మాటకు నా ఓటు ఇక్కడ పూర్తిగా ఉంది.

దాని ఖరీదు కూడా చెప్పాలి. 1992లో ఆస్ట్రేలియా రేసర్ మిక్ డూహాన్ పాయింట్లలో అందనంత ముందున్నాడు. అసెన్‌లో ప్రాక్టీసులో పడి కాలు విరిగింది, ఆ కాలు తీసేయాల్సి వస్తుందేమో అన్నంత దాకా పోయింది. తిరిగి వచ్చేసరికి ఆధిక్యం కరిగిపోయి, నాలుగంటే నాలుగు పాయింట్ల తేడాతో టైటిల్ వేన్ రెయినీకి పోయింది. మరుసటి ఏడాది మిసానోలో రేసులో ముందు పోతున్న రెయినీయే పడ్డాడు. వెన్నెముక దెబ్బతిని, అప్పటి నుంచి ఆయన చక్రాల కుర్చీలోనే ఉన్నాడు. డూహాన్ పాడైన కుడి కాలితో వెనక బ్రేకు తొక్కలేక, ఎడమ చేతి బొటనవేలితో పట్టే బ్రేకు పెట్టించుకుని 1994 నుంచి 1998 దాకా వరసగా ఐదు టైటిళ్లు గెలిచాడు.

ఆ ఐదేళ్లనూ మొదటి నుంచి చివరి దాకా చూస్తే ఏమవుతుంది? 1996లో బ్రనోలో అలెక్స్ క్రివిల్లే డూహాన్‌ను 0.002 సెకన్ల తేడాతో ఓడించాడు, అది కళ్లు ఆర్పకుండా చూసే రేసు. కానీ 1997లో 15 రేసుల్లో 12 డూహానే గెలిచాడు. 1983ను చూడండి. ఫ్రెడ్డీ స్పెన్సర్, కెన్నీ రాబర్ట్స్ 12 రేసులను చెరి ఆరు పంచుకున్నారు, స్పెన్సర్ రెండు పాయింట్ల తేడాతో చాంపియన్. అంతకన్నా గొప్ప ద్వంద్వ యుద్ధం నేను చెప్పలేను. అయినా ఆ ఏడాది మూడో మనిషికి ఒక్క గెలుపు కూడా దక్కలేదని గుర్తుంచుకోవాలి.

మనం పాత రేసులను చూసేది ఇప్పుడు ఫోనులో, పది నిమిషాల ముక్కలుగా. యాభై రేసుల్లో నుంచి జల్లెడ పట్టి తీసిన చివరి రెండు ల్యాపులు అవి. 1979 సిల్వర్‌స్టోన్‌లో బ్యారీ షీన్‌ను రాబర్ట్స్ 0.03 సెకన్ల తేడాతో ఓడించిన రేసు అందరూ చూసి ఉంటారు. అదే కాలంలో ఎవరికీ అందకుండా ఒంటరిగా ముగిసిన రేసులను ఎవరూ పంపుకోరు. ఇప్పటి రేసును మాత్రం నలభై నిమిషాలూ కూర్చుని చూస్తాం, నీరసమైన ల్యాపులతో సహా. ఈ పోలికలో న్యాయం లేదు.

2002లో 990 సీసీ ఫోర్ స్ట్రోక్ బండ్లు వచ్చాయి. శక్తి ఇంకా పెరిగింది, కానీ నెమ్మదిగా, నమ్మకంగా వచ్చే శక్తి. ఎలక్ట్రానిక్స్ ఇంకా పూర్తిగా పెత్తనం చేయని కాలం. నన్నడిగితే, ఎవరు గెలుస్తారో తెలియని టెన్షన్ అన్న తక్కెడలో 2006ను మించిన సంవత్సరం లేదు. అక్టోబర్‌లో పోర్చుగల్‌లోని ఎస్తోరిల్‌లో చివరి నుంచి రెండో రేసు. నికీ హేడెన్ వాలెంటినో రోసీ కన్నా 12 పాయింట్లు ముందున్నాడు. అతని సొంత టీమ్‌లోనే ఉన్న డానీ పెడ్రోసా దాటబోయి జారిపడి, హేడెన్‌ను కూడా పడేశాడు. రోసీకి దారి తెరుచుకుంది. గెలిస్తే చాలు. చివరి ల్యాపులో స్పెయిన్ రేసర్ టోనీ ఎలియాస్, అదీ కంపెనీ టీమ్ కాని చిన్న టీమ్ బండి మీద, రోసీతో పోరాడి 0.002 సెకన్ల తేడాతో గీత దాటాడు. మొదటి స్థానానికి 25 పాయింట్లు, రెండో స్థానానికి 20. రోసీకి ఐదు పాయింట్లు తగ్గాయి.

చివరి రేసు వాలెన్సియాలో. ఎనిమిది పాయింట్ల ఆధిక్యంతో వచ్చిన రోసీ జారిపడి, లేచి 13వ స్థానంలో ముగించాడు. హేడెన్ మూడో స్థానంలో వచ్చి చాంపియన్ అయ్యాడు, సరిగ్గా ఐదు పాయింట్ల తేడాతో. ఎస్తోరిల్‌లో ఆ 0.002 సెకన్లు అటు మారి ఉంటే ఇద్దరివీ 252 పాయింట్లు అయ్యేవి, గెలుపులు ఎక్కువున్న రోసీకే టైటిల్ వచ్చేది. కనురెప్ప వేయడానికి పట్టే సమయంలో అది చిన్న తునక. ఏడాది పాటు నడిచిన పోరు దాని మీద తేలింది.

ఆ ఎలియాస్ గెలుపుకు ఇంకో అర్థం కూడా ఉంది. దాని తర్వాత కంపెనీ టీమ్ కాని రేసర్ ఒకడు మళ్లీ గెలవడానికి దాదాపు పదేళ్లు పట్టింది. 2016లో అసెన్‌లో వానలో జాక్ మిల్లర్ గెలిచేదాకా ఎవరూ లేరు. 2007లో ఇంజిన్లను 800 సీసీకి తగ్గించారు, పెట్రోలు 21 లీటర్లకు మించకూడదన్నారు. దాంతో ఎలక్ట్రానిక్స్‌లో ఎవరు ఎక్కువ డబ్బు పెడితే వాళ్లదే రాజ్యం అయ్యింది. బండ్లు మలుపుల్లో మరీ వేగంగా పోయేవి, ఒక్క గీత మీదే పోవాలి, పక్కకు జరిగితే నష్టం. 2009లో గెలిచింది మొత్తం ఐదుగురే. రైలు డబ్బాల మాట ఆ కాలానికి బాగా సరిపోతుంది.

2016లో రెండు మార్పులు వచ్చాయి. అందరికీ ఒకే ఎలక్ట్రానిక్ కంట్రోల్ యూనిట్, ఒకే సాఫ్ట్‌వేర్ ఇచ్చారు. టైర్లు మిషెలిన్‌కు మారాయి. ఆ ఏడాది తొమ్మిది మంది వేరు వేరు రేసర్లు గెలిచారు. 2015 నుంచి 2019 దాకా ఉన్న ఆ ఐదేళ్లే, దాటుకోవడం అనే తక్కెడలో నా దృష్టిలో అన్నిటికన్నా బరువైనవి. 2018 అసెన్‌లో ముందున్న గుంపు ఒకరినొకరు వంద సార్లకు పైగా దాటుకుంది. అది ఉస్తాద్ యవ్వనపు రోజుల మాట కాదు, నిన్న మొన్నటి మాట. ఆ రోజు షాపులో ఆయన కూడా లేచి నిలబడే చూశాడు.

దగ్గరితనం లెక్కకు వస్తే ఇప్పటి కాలానిదే పైచేయి. 2021లో ఖతార్‌లో జరిగిన దోహా రేసులో మొదటి 15 మంది తొమ్మిది సెకన్ల లోపే గీత దాటారు. 1968తో పోల్చండి. మరి అంత దగ్గరగా ఉంటే దాటుకోవాలి కదా? ఎందుకు దాటలేకపోతున్నారు? ఈ చిక్కుముడిలో అసలు ముడి ఇదే.

హైవే మీద పెద్ద లారీ వెనక బండి మీద పోయినవాళ్లకు ఇది సులభంగా అర్థమవుతుంది. నార్కట్‌పల్లి దాటాక విజయవాడ రోడ్డు మీద లారీకి దగ్గరగా పోతే ఎదురుగాలి ఆగిపోయి, వేడి తగులుతుంది, హ్యాండిల్ ఊగుతుంది. ఇప్పటి రేసు బండ్లకు రెక్కలున్నాయి. వేగంలో గాలి ఆ రెక్కల మీద పడి బండిని నేలకు అదుముతుంది. ముందు చక్రం లేవకుండా, బ్రేకు పట్టినప్పుడు కుదురుగా ఉండేలా చూస్తుంది. ముందు ఇంకో బండి ఉంటే ఆ గాలి ముక్కలు ముక్కలై వస్తుంది. రెక్కలకు పట్టు తగ్గుతుంది. ముందు టైరుకు చల్లగాలి తగలక వేడెక్కుతుంది, వేడెక్కితే లోపలి గాలి ఒత్తిడి పెరుగుతుంది, అది పెరిగితే టైరు ఉబ్బి రోడ్డుకు ఆనే భాగం తగ్గుతుంది. బ్రేకు గట్టిగా పట్టాల్సిన చోటే ముందు చక్రం జారిపోతుందేమోనని భయం.

ఒత్తిడిని ముందే తగ్గించుకుని రావచ్చు కదా అంటే, దానికీ హద్దు ఉంది. ముందు టైరులో కనీసం 1.8 బార్ ఉండాలి, మన పంక్చర్ షాపు లెక్కలో సుమారు 26 పాయింట్లు. అంతకన్నా తక్కువతో నడిపినట్టు తేలితే ఆదివారం రేసులో 16 సెకన్లు కలుపుతున్నారు. ఒంటరిగా ముందు పోయేవాడికి ఒక ఒత్తిడి కావాలి, గుంపులో పోయేవాడికి ఇంకొకటి కావాలి. రేసు మొదలుకాక ముందే టీమ్ ఊహించి గాలి కొట్టాలి.

దీనికి తోడు మలుపు నుంచి బయటికి వచ్చేటప్పుడు బండి వెనక భాగాన్ని కిందికి దించే ఏర్పాటు వచ్చింది. ముందు చక్రం గాల్లోకి లేవదు, ఉన్న శక్తి అంతా ముందుకే పోతుంది. ముందున్నవాడు, వెనకున్నవాడు ఇద్దరూ తప్పు లేకుండా ఒకేలా దూసుకుపోతారు. పాత 500లో ఎవడో ఒకడు ఎక్సలేటర్ దగ్గర తడబడేవాడు, వెనకున్నవాడికి సందు దొరికేది. ఇప్పుడు 2023 ముజెల్లోలో బ్రాడ్ బైండర్ 366.1 కిలోమీటర్ల వేగాన్ని అందుకున్నాడు, అంత వేగం నుంచి కూడా చాలా ఆలస్యంగా, చాలా తక్కువ దూరంలో బ్రేకు పడుతుంది. దాటడానికి చోటు మిగలదు. అందువల్ల మొదటి వరసలో ఎవరు నిలబడతారో తేల్చే శనివారం క్వాలిఫయింగే సగం రేసు అయిపోయింది.

మరి దాటుకోవడం లేకపోతే మజా ఉండదా? దీని గురించి నేను మన బండలాగుడు పోటీలను తలచుకుంటాను. పాలమూరు వైపు, మన వైపు జాతరల్లో చూసే ఉంటారు. రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని ఎడ్ల వయసును బట్టి విభాగాలు, అచ్చం 125, 250, 500 సీసీ తరగతుల్లా. ఒక జత తర్వాత ఒక జత బండను లాగుతుంది, ఇచ్చిన నిమిషాల్లో ఎన్ని అడుగులు లాగాయో కొలుస్తారు. పక్కన ఇంకో జత ఉండదు, దాటుకోవడం అన్న మాటే లేదు. అయినా వేల మంది ఊపిరి బిగబట్టి చూస్తారు. ఎందుకంటే కండరం బిగుసుకోవడం, కాలు మడమ మట్టిలో దిగడం, ఇంక కదలదు అనుకున్న బండ కదలడం కళ్లముందు కనబడుతుంది. ఆ ఎడ్లు ఏ ఊరివో, పోయిన ఏడాది ఎక్కడ ఆగిపోయాయో జనానికి తెలుసు.

2025 నాకు ఆ కారణంతోనే నచ్చింది. లెక్కల ప్రకారం అది ఏకపక్షమైన సంవత్సరం. మార్క్ మార్కెజ్ 11 ఆదివారం రేసులు గెలిచి, ఇంకా ఐదు రేసులుండగానే జపాన్‌లోని మోతెగిలో టైటిల్ ముగించాడు. కానీ 2020లో చేయి విరిగి, దానికి నాలుగు ఆపరేషన్లు అయ్యి, ఇక అయిపోయాడనుకున్న మనిషి 2019 తర్వాత మళ్లీ అందుకున్న టైటిల్ అది. దాటుకోవడాలు తక్కువున్నా నేను ఒక్క రేసు వదల్లేదు. దానికి ముందటి ఏడాది తీరు వేరు. 2024లో ఫ్రాన్చెస్కో బన్యాయా 20 రేసుల్లో 11 గెలిచి కూడా, మూడే గెలిచిన హోర్హే మార్టిన్‌కు 10 పాయింట్ల తేడాతో టైటిల్ వదులుకున్నాడు. పోరు చివరి రోజు దాకా నడిచింది, కానీ ఆ 20లో 19 రేసులు డుకాటీ బండ్లవే. 1968లో ఎంవీ ఒక్కటే ఉన్నట్టు 2024లో డుకాటీ. తేడా ఏమిటంటే డుకాటీ తన బండ్లను చాలా మందికి ఇచ్చింది కాబట్టి, ఒక కంపెనీ లోపలే పోటీ బతికింది.

ఈ చిక్కు నిర్వాహకులకూ తెలుసు. 2012లో 1000 సీసీకి పెరిగిన ఇంజిన్లు 2027 నుంచి 850 సీసీకి తగ్గుతున్నాయి. బండిని కిందికి దించే ఏర్పాట్లన్నీ నిషేధం. రెక్కల సైజు తగ్గిస్తున్నారు, టైర్లు పిరెల్లీవి. 2007లో సీసీ తగ్గించినప్పుడు ఏం జరిగిందో గుర్తున్నవాళ్లకు కొంచెం భయం ఉంటుంది, నాకూ ఉంది. అప్పుడు ఇంజిన్‌ను తగ్గించి ఎలక్ట్రానిక్స్‌ను వదిలేశారు. ఈసారి దాటుకోవడానికి అడ్డుపడుతున్న వాటి మీదే నేరుగా చేయి వేశారు, ఆ ఒక్క తేడా వల్ల నాకు ఆశ ఎక్కువ. రెక్కలను పూర్తిగా తీసేసి ఉంటే ఇంకా సంతోషించేవాణ్ని.

కొత్త బండ్ల మొదటి రేసు రోజు నేను చూసేది చివర్లో వచ్చే సెకన్ల పట్టికను కాదు. పొడుగు రోడ్డు చివర బ్రేకు పట్టే చోట, మూడు నాలుగు ల్యాపులుగా వెంటపడుతున్నవాడు ముందున్నవాడి పక్కకు రాగలుగుతున్నాడా, మలుపు నుంచి బయటికి వచ్చేటప్పుడు ఎవరి వెనక చక్రమైనా జారుతున్నదా అన్నది చూస్తాను. ఉస్తాద్‌తో కూడా చెప్పాను, మొదట ఆ చక్రాన్నే చూడమని.